పోయింది ఫోటో ఒక్కటే

తిరువళ్లూరు స్టేషన్ ఎదురు సందులో, మందుల షాపు పైన శేషాద్రి ఆఫీసు. బోర్డు మీద ఆయన పేరు అరవంలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. తెలుగులో కూడా రాయిద్దామని కలైవాణి ఒకసారి అడిగి చూసింది. "రాయిస్తే చదివేదెవరు? నువ్వే కూడబలుక్కుని చదువుతావు" అన్నాడాయన. ఆ మాట నిజమే. ఇంట్లో తెలుగు, బళ్లో అరవం నేర్చిన మనిషి ఆమె.

శేషాద్రిది ఊత్తుకోట దగ్గరి రైతు కుటుంబం. బీమా కంపెనీకి అబద్ధపు క్లెయిములు పట్టిచ్చే పనిలో తల నెరిసిపోయాక, సొంతంగా ఈ డిటెక్టివ్ కొట్టు పెట్టాడు. అందులో కలైవాణి చేరి ఐదేళ్లయింది. ఆయన విసుగు, ఆయన కాఫీ పిచ్చి, ఎదుటివాళ్ల మాట మధ్యలో కళ్లు మూసుకునే ఆ పాడు అలవాటు, అన్నీ ఆమె భరిస్తుంది. ఎందుకంటే ఆ కళ్లు తెరిచినప్పుడు కేసు ముక్కాలు వంతు తేలిపోయి ఉంటుంది. అది ఎన్నిసార్లు చూసినా ఆమెకు తనివి తీరదు.

అరవవాళ్ల ఆడి నెలలో ఒక ఉదయం, పసుపు చీర కట్టుకుని, మెడలో తులసిపూసలు వేసుకున్న ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. ముప్పై అయిదు దాటి ఉంటాయి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సార్, నా పేరు దేవసేన. ఈ ఊరి బ్యాంకులోనే పని. ఇల్లు తిరుత్తణిలో. నిన్న మా ఇంట్లో దొంగ పడినాడు."

"ఏం పోయింది?"

"ఫోటో."

"ఫోటోతో పాటు?"

"ఫోటో ఒక్కటే సార్. బీరువాలో అమ్మ నగలు ఉండినాయి, తాకలేదు. స్టేషన్‌కి పోతే, నగలు భద్రంగా ఉన్నాయి గదా, మురుగన్‌కు దణ్ణం పెట్టుకొని పో మా అన్నారు."

శేషాద్రి కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు. "కూర్చో మా. ఆ ఫోటో సంగతి చెప్పు."

"ఆడికృత్తికకు మా నాయన, చిన్నాయన పూలకావడి ఎత్తుకొని తిరుత్తణి కొండ ఎక్కుతా ఉండే ఫోటో. నేను పుట్టిన దినమే తీసింది. స్టూడియోవాళ్లు కింద పండగ పేరు, సంవత్సరం తెల్లరంగుతో రాసినారు. కృత్తిక దినం పుట్టినాననే నాకు మురుగన్ స్వామి భార్య పేరు పెట్టినారు." ఆమె గొంతు తగ్గింది. "నగ పోతే నగ కోసం వచ్చినాడు అనుకుంటాం. వీడు ఎందుకొచ్చినాడో తెలీకనే నాకు భయం. అమ్మ నిన్నటినుంచి అన్నం ముట్టలేదు. అడిగితే, పోతే పోనీలే పాపా అంటుంది. నాయన పోయినప్పటినుంచి తెల్లారి లేస్తూనే ఆ ఫోటో మొకం చూసే మనిషి సార్ మా అమ్మ!"

"ఈ పసుపు చీర ఎందుకు?"

దేవసేన నవ్వబోయింది, కుదరలేదు. తండ్రి వరదన్ పోయి రెండేళ్లవుతోంది. మగపిల్లవాడు లేడని మన కావడి ఆగిపోకూడదు, నువ్వు ఎత్తు పాపా అని చివరి మాటగా ఆమెచేత తన చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. పోయిన ఏడు చావు ఏటిసూతకం. ఈ ఏడు తానే ఎత్తాలని నెలనుంచి ఒంటిపూట తింటూ వ్రతం పట్టింది. తీరా నాలుగు రోజుల కిందట చిన్నాయన కొడుకు విఘ్నేష్‌కు ఆడబిడ్డ పుట్టింది. బిడ్డ పుడితే ఆ వంశంవాళ్లందరికీ పురుడు. పదిరోజులు గుడి గడప తొక్కరు, దేవుడి పటం ముట్టుకోరు, నేత ఇల్లు కాబట్టి మగ్గం మీద చెయ్యి వేయరు. పెళ్లికాని ఆడబిడ్డ గనక దేవసేనకూ అదే కట్టు. కృత్తిక చూస్తే ఇంకో రెండు రోజుల్లో ఉంది.

"బిడ్డ పుట్టిందని సంతోషమే సార్. కానీ నాయనకు ఇచ్చిన మాట నిలబెట్టుకోలేకపోతినే అని... దాని మీద ఇది ఒకటి."

శేషాద్రి కళ్లు మూసుకుని ఉన్నాడు. "పద కలైవాణీ. తిరుత్తణి బండికి టైమైంది" అన్నాడు, కళ్లు తెరవకుండానే.

బండి నిండా కావళ్లు, గుండ్లు, చంకన పిల్లలు. అరోహరా అన్న కేకలతో పెట్టె దద్దరిల్లుతోంది. శేషాద్రి ఎవరినీ అడక్కుండానే కిటికీ పక్క చోటు సంపాదించాడు, అది ఎట్లా సాధ్యమో కలైవాణికి ఇప్పటికీ అంతుపట్టని కేసు.

నేతగాళ్ల వీధిలో పాత పెంకుటిల్లు అది. ముందు హాలు, వెనక వంటిల్లు, దాని వెనక కిటికీలు లేని మగ్గాల కొట్టం. హాలు గోడకు, ఎత్తున, మురుగన్ పటం. దాని పక్కన నలుచదరంగా తెల్లటి మచ్చ. ఫోటో ఉన్న చోటు అదే. రెండింటికీ కలిపి ఒకే పూలమాల వేసే అలవాటట. బిడ్డ పుట్టకముందు వేసిన మాల ఎండిపోయి, సగం మాత్రం స్వామి పటానికి వేలాడుతోంది. తెగిన చోటు నున్నగా ఉంది. మిగతా సగం ఏదని శేషాద్రి అడిగితే దేవసేన కిటికీ గూట్లోకి చూపించింది. మడిచిపెట్టినట్టు పడి ఉంది.

"నువ్వు పెట్టినావా?"

"లేదు సార్. మేం వచ్చేసరికే ఆడ ఉండె. నిన్న మధ్యాహ్నం అమ్మా నేనూ బిడ్డను చూసేదానికి తిరువళ్లూరు ఆస్పత్రికి పోయింటిమి. సాయంత్రం వచ్చేసరికి వెనక తాళం పగలగొట్టి ఉంది."

కొట్టం తలుపు దగ్గర తాళాన్ని సుత్తితో కొట్టిన గుర్తులు కనబడుతూనే ఉన్నాయి. లోపల పట్టపగలే చీకటి. కలైవాణి ఒక అడుగు వేసిందో లేదో శేషాద్రి ఆమె జబ్బ పట్టి వెనక్కు లాగాడు. ఫోన్ లైటు వేసి చూస్తే కాలి ముందే మగ్గం గుంట. దాని మీదుగా కొట్టం పొడుగునా పడుగు సాచి ఉంది. ఆ దారాల కింద వంగి, గోడవారగా గుంట తప్పించుకుంటేగానీ వంటింట్లోకి పోలేరు.

"ఎవరిదీ మగ్గం?"

"చిన్నాయన లుంగీలు నేస్తాడు. పురుడని నిలిపేసినాడు."

శేషాద్రి పడుగు పొడుగునా లైటు పట్టి చూశాడు. ఒక్క పోగు తెగలేదు. ఆయన పెదవి చివర చిన్న నవ్వు మెదిలింది. కలైవాణికి ఆ నవ్వు తెలుసు. తనకు మాత్రం ఏమీ తెలియలేదు, అదే ఆమె కోపం.

దేవసేన తల్లి రుక్మిణమ్మ వంటింటి గుమ్మానికి ఆనుకుని కూర్చుని ఉంది. కుడి భుజం పట్టేసి ఆరునెలలట, చెయ్యి రొమ్ము దాటి లేవదు. మాట్లాడుతుండగానే కూతురు వెనక చేరి తల దువ్వుతోంది.

"అమ్మా, మీ అమ్మాయి పుట్టింది ఈ ఇంట్లోనేనా?" అడిగాడు శేషాద్రి.

"లేదు నాయనా, అప్పుడు మా మగ్గాలు నగరిలో ఉండె. ఆడనే పుట్టింది. కృత్తిక దినం, తెల్లారకముందే. వాళ్ల నాయనే మొదట ఎత్తుకొని..."

"వేలితో చక్కెర నాకించినాడు" అని దేవసేన అందుకుంది. ఎన్నోసార్లు విన్న మాట అని ఆ గొంతే చెబుతోంది. రుక్మిణమ్మ మాత్రం తల వంచుకుంది.

అంతలో వీధిలోంచి దేవసేన చిన్నాయన గోపాలన్ వచ్చాడు. దూలం తగులుతుందేమో అన్నంత పొడుగు, దానికి తగ్గ గొంతు. కూర్చోకముందే విచారణ తానే మొదలుపెట్టాడు.

"పండగ గుంపు సార్. ఊరంతా కొత్త మొకాలే. ఎవుడో తాగినోడు దూరింటాడు. ఒక ఫోటో కోసం ఇంత దూరం రావాల్నా మీరు?"

"నిన్న మధ్యాహ్నం మీరు యాడ ఉండినారు?"

"మా ఇంట్లోనే. వెనక వీధి. ఆడోళ్లంతా ఆస్పత్రిలో, నేనొక్కడే వండుకొని పండుకొన్యా."

"ఈ ఏడు మీకూ కావడి లేదన్నమాట."

"ఎట్లుంటుంది సార్! మనవరాలు పుట్టె గదా. మా ఇంట్లో ఈ కట్టు శానా గట్టి. విఘ్నేషు పుట్టినప్పుడు వినాల మీరు. చేతికి కాప్పు కంకణం కట్టుకొనింటిమి, కావడికి పూలు కట్టేసింటిమి, ఇంక ఎత్తుకోవాల, అంతే! కబురొచ్చె. అన్నా నేనూ దించేసి, ఎదురింటి పచ్చయ్యప్పకు ఇచ్చేస్తిమి. కాప్పు కట్టినాక పురుడు తీట్టు అంటదని ఊరోళ్లంతా చెప్పినారు. మా అన్న వింటాడా?"

"మొన్న బిడ్డ పుట్టిన దినం కూడా ఈడే కూర్చొని ఇదే కథ చెప్పినాడు సార్" అంది దేవసేన, చిన్నాయనను ఆటపట్టిస్తూ.

గోపాలన్ నోరు టక్కున మూతపడింది. పనుందని లేచి గడప దాకా వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. నేతగాడికి మగ్గం ఆగితే కాలు ఒకచోట నిలవదు కాబోలు అనుకుంది కలైవాణి.

అరుగు మీదికి రాగానే ఆమె ఇక ఉండబట్టలేకపోయింది. "సార్, ఆ పెద్దావిడే తీసింది. పోతే పోనీ అంటోంది, తల ఎత్తడం లేదు."

"ఆ చెయ్యి చూసినావు గదా. తల దువ్వుకోలేని మనిషి అంత ఎత్తునుంచి పటం దించుతుందా? ఆమెకు దొంగ ఎవరో తెలుసు. ఎందుకో కూడా తెలుసు. ఫోటో పోయిందని కాదు ఆమె బాధ, ఎందుకు పోయిందో కూతురు అడుగుతుందని." ఆయన ముఖంలో ఇందాకటి నవ్వు లేదు. "దొంగను పట్టుకోవడం తేలికే అమ్మాయ్. తర్వాతదే బరువు."

లోపలికి వెళ్లి రుక్మిణమ్మతో వంటింట్లో చాలాసేపు మాట్లాడాడు. బయటికి వచ్చేసరికి ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. "నువ్వే చెప్పు నాయనా. ముప్పై ఆరేళ్లుగా గొంతు దాకా వచ్చింది ఆగిపోతానే ఉంది" అంది.

శేషాద్రి దేవసేన ఎదుట నిలబడ్డాడు. "ఫోటో ఈరోజే ఇంటికి వస్తుంది. అంతటితో వెళ్లిపొమ్మంటే వెళ్లిపోతాను, ఫీజు కూడా వద్దు. ఎందుకు పోయిందో చెప్పమంటే చెబుతాను. విన్నాక వినలేదనుకోవడానికి మాత్రం కుదరదు. ఆలోచించుకో మా."

దేవసేన తల్లి వైపు చూసింది. "చెప్పండి సార్. తెలీకుండా భయపడేదాని కంటే తెలిసి ఏడ్చేదే మేలు."

సాయంత్రం బండికి విఘ్నేష్, వాళ్లమ్మ వనజాక్షి తిరువళ్లూరు నుంచి వచ్చారు. బాలింత మంజును ఆమె తల్లికి అప్పగించి వచ్చారట. హాల్లో అందరూ కూర్చున్నారు. శేషాద్రి గోడ మీది తెల్లమచ్చ పక్కన నిలబడ్డాడు.

"ముందు దొంగ సంగతి. బయటివాడు ఆ కొట్టంలోకి వస్తే మగ్గం గుంటలో పడి కాలు విరగ్గొట్టుకునేవాడు, లేదా పడుగు తెంపేవాడు. ఒక్క పోగు తెగలేదు. అంటే ఆ చీకట్లో కళ్లు మూసుకుని నడవగలిగిన మనిషి. ఇక మాల. ఎవడో దొంగయితే రెండు పటాల మాల పీకి అవతల పారేసేవాడు. ఈ మనిషి స్వామి పటం మీది సగాన్ని ముట్టుకోలేదు, మధ్యలో కోశాడు. ఎందుకు? తనకు పురుడు గనక. తెగిన ముక్కను నేల మీద కూడా పడనివ్వలేదు. ఈ ఇంటివాడు, పురుట్లో ఉన్నవాడు, దొంగతనానికి వచ్చి కూడా కట్టు తప్పనివాడు. తాళం పగలగొట్టింది బయటివాడి పని అనిపించడానికే. విఘ్నేష్ అప్పుడు ఆస్పత్రిలో ఉన్నాడు. రుక్మిణమ్మగారి చెయ్యి లేవదు. ఆ పటం స్టూలు లేకుండా అందేది ఒక్కరికే."

అందరి కళ్లూ గోపాలన్ మీదికి తిరిగాయి. ఆయన గట్టిగా ఏదో అనబోయి, వదినను చూసి ఆగిపోయాడు.

"మా ఇంట్లోనే ఉంది" అన్నాడు చివరికి. "గుడ్డలో చుట్టి పెట్టినా. కాల్చేద్దామని తీసింటి, మా అన్న మొకం చూసినాక చెయ్యి రాలేదు."

"ఎందుకు చిన్నాయనా?" అంది దేవసేన. "అడిగింటే నేనే ఇచ్చిందును గదా!"

జవాబు శేషాద్రి ఇచ్చాడు. "నువ్వు నా ఆఫీసులో రెండు మాటలు చెప్పావు. కృత్తికనాడు పుట్టానన్నావు. ఆ రోజే మీ నాన్న కావడి మోశాడన్నావు. మీ అమ్మ మూడోది చెప్పింది, తెల్లవారకముందే పుట్టావని, మొదట ఎత్తుకుంది మీ నాన్నేనని. ఆ మూడూ ఒకచోట పెట్టి చూడు మా. తమ్ముడికి కొడుకు పుడితేనే, కాప్పు కట్టుకుని కూడా, ఎత్తబోయే కావడి దించేసిన మనిషి మీ నాన్న. సొంతబిడ్డ పుట్టి, ఎత్తుకుని, చక్కెర నాకించి, అదేరోజు పురుట్లో కావడి భుజాన వేసుకుని కొండెక్కుతాడా? పక్కన తమ్ముణ్ణి కూడా పెట్టుకుని?"

శేషాద్రి గోడ మీది మచ్చ మీద వేలు పెట్టాడు.

"ఎక్కడు. ఆరోజు ఈ వంశంలో ఎవరికీ పురుడు లేదు, కావడి ఎత్తారంటే బిడ్డ పుట్టలేదనే అర్థం. ఇన్నేళ్లు అందరూ ఆ ఫోటో చూశారు, ఎవరికీ తట్టలేదు. మొన్న విఘ్నేష్ బిడ్డ పుట్టాక గోపాలన్‌గారు ఇక్కడే కూర్చుని ఆ పాత కథ చెబుతూ తల ఎత్తి చూశారు. ఎదురుగా ఫోటో, కింద సంవత్సరం. లెక్కలు చూసే బ్యాంకు పిల్ల పక్కనే కూర్చుని ఉంది. గుండె జారిపోయింది. అవునా?"

గోపాలన్ తల ఊపాడు. "అన్న పోయే ముందర నాతో ఒట్టు వేయించుకొన్యాడు సార్. నా నోటి నుంచి పాపకు తెలీకూడదని. ఆ దినం నా నోరే నన్ను పట్టిస్తుందని భయమైపొయ్యె."

దేవసేన ఏడవలేదు. నెమ్మదిగా వెళ్లి తల్లి ఎదుట చతికిలబడింది.

"నేనెవరి బిడ్డను అమ్మా?"

రుక్మిణమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. "శోళవరంలో మా పిన్నమ్మ కూతురు కలావతి. నిన్ను కన్న వారానికే జ్వరమొచ్చి పొయ్యింది. వాళ్లాయన నిన్ను పిన్నమ్మ ఒళ్లో వేసి యాడికో పొయ్యినాడు. మాకు పెళ్లయి తొమ్మిదేండ్లు, పిల్లల్లేరు. ఒక బిడ్డనియ్యి సామీ అని మీ నాయన ఆ కృత్తికకు కావడి ఎత్తినాడు. కొండ దిగి ఇంటికొచ్చేసరికి మా పిన్నమ్మ నిన్నెత్తుకొని వాకిట్లో కూర్చోనుండె. అప్పటికి నీకు మూడో నెల. మీ నాయన కాళ్లు కూడా కడుక్కోలేదు. నిన్ను ఎత్తుకొని, వేలితో చక్కెర నాకించినాడు. మాకు ఈ దినం పుట్టింది రుక్మిణీ, దీని పుట్టినదినం ఇదే అన్యాడు. నేను చెప్పిందాంట్లో తెల్లారకముందే అనేది ఒకటే అబద్ధం పాపా. మిగిలిందంతా నిజమే." ఆమె ఎడమ చెయ్యి కూతురి చెంప మీద ఆగింది. "ఆ ఫోటో గోడకు వేసింది కూడా ఆయనే. నిన్ను అడుక్కొన్యప్పుడు తీసిందని. దాంట్లోనే ఇది బయటపడుతుందని మాకు తోచనే లేదు."

కలైవాణి తల తిప్పేసుకుంది. ఎంత కేసులో అయినా తాను ఏడవనని ఆమెకు పెద్ద పేరు, అది ఆ సాయంత్రంతో పోయింది.

అప్పుడు వనజాక్షి గొంతు సవరించుకుంది. మంచి మనసే, మాటే కాస్త తొందర. "జరిగిందేమో జరిగిపొయ్యె. ఒక్క మంచి కూడా ఉందమ్మా దీంట్లో. రక్తం వేరే గదా, మా పురుడు నీకు అంటదు. నెల దినాలు ఒంటిపూట తిని ఉండావు. ఎల్లుండి నువ్వు హాయిగా కావడి ఎత్తొచ్చు. మీ నాయన మాట నిలబడుతుంది."

మాట నిజమే. దేవసేన ఇంతకాలం కోరుకున్నదీ అదే. గోపాలన్ కూడా ఆశగా తల ఎత్తాడు. కొట్టంలో వెదురు ఉంది, రేపటికల్లా కావడి కట్టిస్తానన్నాడు. రుక్మిణమ్మ మాత్రం కూతురి ముఖంలోకే చూస్తోంది. ఇన్నేళ్లూ ఆమె భయపడిన క్షణం ఇదేనని కలైవాణికి అర్థమైంది.

దేవసేన లేచి నిలబడింది.

"చిన్నమ్మా, విఘ్నేషు బిడ్డకు నేనేమవుతాను?"

"ఏమిటే అట్లడుగుతావు? అత్తవి గదా."

"పెళ్లికాని మేనత్తకు పురుడుంటుందా, ఉండదా?"

విఘ్నేష్ లేచి వచ్చి అక్క పక్కన నిలబడ్డాడు.

"నాకు పురుడు ఉంది" అంది దేవసేన. "ఈ ఏడు నేను కొండెక్కను. ఈ ఇంట్లో అందరికీ ఎన్ని దినాలో నాకూ అన్నే దినాలు. నాయన కావడి వచ్చే ఏడు ఎత్తుతాను. ఇంక ఎవరన్నా నాకు పురుడు లేదంటే ఊరుకునేది లేదు, చెప్తున్నా!"

రుక్మిణమ్మ అప్పుడు ఏడ్చింది, గట్టిగా, ఇంటి కప్పు ఎగిరిపోయేటట్టు. దేవసేన ఆమెను పట్టుకుని, అన్నం పెట్టుకుని రమ్మని చిన్నమ్మను వంటింట్లోకి పంపింది.

శేషాద్రి ఫీజు మాట ఎత్తలేదు, కలైవాణి కూడా గుర్తు చేయలేదు. ఇద్దరూ వీధిలోకి వచ్చేసరికి ఊత్తుకోట వైపు నుంచి నడిచి వచ్చిన గుంపు ఒకటి పూలకావళ్లతో, పంబ మోతతో పోతోంది. కలైవాణి పక్కకు తప్పుకుని వెనక్కి చూసింది. ఇంటివాళ్లంతా మోత విని వాకిలి దాకా వచ్చారు. పురుట్లో ఉన్నవాళ్లు గనక కావడికి ఎదురు రాకుండా గడప లోపలే ఆగిపోయారు. దేవసేన వాళ్ల మధ్యన, తల్లి చెయ్యి పట్టుకుని, లోపలే నిలబడింది.